బసవయ్య ఇంటి నీళ్లు

పోలరాజు ఫోను తీగను గోడలోంచి పీకి, ఎడమ చేతికి చుట్టుకుని కూర్చుని అప్పటికి గంట దాటింది.

ఆదివారం మధ్యాహ్నం. బొమ్మిడాయిల పులుసు పొయ్యి దిగింది, చల్లారింది, మళ్లీ పొయ్యెక్కింది. ఆ ఇంట్లో ఆదివారం పులుసు రెండోసారి పొయ్యెక్కడం నాంచారమ్మ ఎన్నడూ ఎరగదు.

"ముందు ఆ మనిషిని గ్రూపులోంచి తీసేస్తానని మాటివ్వు. తర్వాత తీగ ఇస్తా," అన్నాడు పోలరాజు.

"తీగ లేందే నెట్ రాదు నాన్నా. నెట్ రాందే ఎలా తీస్తాను?" అంది హేమ.

"మాటివ్వడానికి నెట్ ఎందుకు?"

"మాట ఇవ్వను. ఇందాకట్నుంచి చెప్తున్నది అదేగా."

వంటింట్లోంచి కోడలు మంగ గరిటెతో సహా వచ్చింది. "తండ్రీకూతుళ్లు ఆ తీగకి చెరో కొసా పట్టుకుని లాక్కోండి. గెలిచినవాళ్లకి అన్నం పెడతా. ఏమంటారత్తయ్యా?"

గుమ్మంలో కూర్చుని ఎండు రొయ్యల తలలు తుంచుతున్న నాంచారమ్మ ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి అనకపోయేసరికి మంగకి వింతగా తోచింది. అత్తగారి మొహంలోకి ఒకసారి చూసి, గరిటె పట్టుకుని లోపలికి పోయింది.

ఆ గ్రూపంటే నాంచారమ్మకి ఉన్న అబ్బురం ఇంతా అంతా కాదు. గవ్వలపాలెం ఊరు తుఫాన్లకి సగం, ఉద్యోగాలకి సగం చెల్లాచెదురైంది. కాకినాడలో కొందరు, విశాఖపట్నంలో కొందరు, మస్కట్‌లో ఇద్దరు, నడిసముద్రంలో ఓడ మీద ఒకడు. అంతమందినీ రెండేళ్ల కిందట హేమ ఈ పటమట ఇంట్లో, ఈ మూల గదిలో, ఒక కంప్యూటరు పెట్టెలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఇవాళ్టికి మూడువందల నలభై ఏడుమంది. పరవడానికి చాప లేదు, పెట్రోమాక్స్ లైటు లేదు, అయినా సభ జరుగుతూనే ఉంటుంది. పొద్దున ఒకడు అడుగుతాడు, సాయంత్రం ఇంకొకడు చెబుతాడు. ఈలోగా అడిగినవాడి మాట ఎక్కడికీ పోదు. అక్కడే నిలబడి ఉంటుంది.

నాంచారమ్మని కట్టిపడేసింది అదే. నోట్లోంచి వచ్చిన మాట నిలబడి ఉండటం! తన ఎరికలో మాటలన్నీ సముద్రం హోరులో కలిసిపోయేవే. ఇక్కడ మొన్నటేడాది సంక్రాంతికి ఎవడో అన్న మాట ఇవాళ అడిగినా హేమ తీసి చదువుతుంది. అక్షరం తరగదు.

ఆ సభకి పెద్దలు ఇద్దరు. మోడరేటర్లంటారట. ఒకరు హేమ, రెండోవాడు విశాఖపట్నంలో ఓడల కంపెనీలో చేసే మణికుమార్. ఎవరు లోపలికి రావాలో, ఎవరి మాట నిలవాలో వీళ్ల చేతిలో ఉంటుంది. ఇరవై రెండేళ్ల ఆడపిల్ల ఊరిపెద్ద! తొలిసారి విన్నప్పుడు నాంచారమ్మ మనవరాలి రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది, కొత్తగా ఏమైనా మొలిచిందేమోనన్నట్టు.

అలాంటి సభలోకి నాలుగు నెలల కిందట 'ఉప్పుగాలి' అనే పేరుతో ఒక మనిషి వచ్చింది. ఆడో మగో తెలీదు. ఊరు తెలీదు. ఎవరు ఏ కబురు చెప్పినా కింద ఒకే ముక్క.

మనవడి అన్నప్రాశన అని ఒకాయన ఫొటో పెడితే, 'సంతోషం. బసవయ్య ఇంటి నీళ్లు ఎవరు తాగారు?'

వాయుగుండం పట్టిందని ఓడ మీది కుర్రాడు రాస్తే, 'జాగ్రత్త. బసవయ్య ఇంటి నీళ్లు ఎవరు తాగారు?'

రొయ్యల ఇగురులో చింతచిగురు ఎప్పుడు వెయ్యాలని ఎవరో కోడలుపిల్ల అడిగితే, దాని కిందా అదే.

చిన్నవాళ్లు మొదట నవ్వారు. తర్వాత విసుక్కున్నారు. పాతికమంది గ్రూపు మానేసి పోయారు. పెద్దవాళ్లు మాత్రం మొదట్లో కిక్కురుమనలేదు. ఆ మౌనం నాంచారమ్మకి అర్థమైనట్టు ఆ ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాలేదు. హేమ రెండుసార్లు ఆ మనిషి మెసేజీలు ఆపింది. రెండుసార్లూ కొత్త పేరుతో తిరిగొచ్చింది. ఇక లాభం లేదని హేమ ఒక కట్టుబాటు పెట్టింది. కొత్తగా చేరినవాళ్లెవరైనా సరే, తొలి మెసేజీ మోడరేటరు చూసి ఒప్పుకున్నాకే లోపలికి రావాలి.

నిన్న మణికుమార్ గ్రూపు మొదటి పేజీలో గవ్వలపాలెం ఊరిపెద్ద అంకయ్య ఫొటో పెట్టాడు. అంకయ్య అంటే నాంచారమ్మ పెనిమిటి, పోలరాజు తండ్రి. పోయి పన్నెండేళ్లు. ఆ ఫొటో కింద ఆ ప్రశ్న పదకొండుసార్లు పడింది. పదకొండోసారి ఒక ముక్క ఎక్కువ ఉంది: 'దండ వేశారు సరే. ఆ నోరు నీళ్లు తాగిందా?'

"మా నాన్న ఫొటో కింద! మూడువందల మంది చూస్తుండగా!" పోలరాజు తీగని చేతికి ఇంకో చుట్టు బిగించాడు. "ఆరింటిదాకా చూస్తానన్నాడు మణికుమార్. నువ్వు తీయకపోతే తనే తీస్తాడట. నిన్ను కూడా ఆ మోడరేటరు పనిలోంచి తీసేస్తాడట. గ్రూపులో అందరికీ చెప్పాడు."

"తీయనివ్వు. కానీ నాన్నా, నాలుగు నెలలు ఒకే ప్రశ్న అడిగే మనిషి పిచ్చిదైనా కావాలి, అడిగేది నిజమైనా కావాలి. ఏదో తెలీకుండా ఎలా తీస్తాను?"

"నిజమా? మీ తాత మీద నిజమా?"

బెంజ్ సర్కిల్ వైపు లారీల హారన్లు, వంటింట్లో పులుసు కుతకుత మాత్రమే వినబడ్డాయి.

అప్పుడు నాంచారమ్మ రొయ్యల చేట పక్కన పెట్టింది.

"తీసేయడం అంటే ఏంటే హేమా?"

"తీసేస్తే ఇంక మన మాటలు ఆ మనిషికి కనబడవు నానమ్మా. ఆ మనిషి మాట మనకి వినబడదు. మన మధ్యకి రానివ్వరు."

"అంటే వెలి."

"అలాంటిదే."

"ఎంతసేపు పడుద్ది?"

"ఎంతసేపేంటి, ఒక్కసారి నొక్కడమే. అర సెకను."

గవ్వలపాలెంలో ఒక ఇంటిని వెలి వేయాలంటే తొమ్మిదిమంది పెద్దలు, రెండు పగళ్లు. పడవలు ఒడ్డున ఆగిపోయేవి. పిల్లలు ఏడుపు మానేసి చూసేవాళ్లు. అంత బరువు పని ఈ పిల్ల చూపుడువేలి కొసన ఉంది. ఆ వేలికి ఉన్న గోరింటాకు ఇంకా పూర్తిగా పోనన్నా పోలేదు.

"మరి నీళ్లు తాగావా?"

"ఏం నీళ్లు?"

"అయ్యో నా తల్లీ! నువ్వు పెద్దవై కూర్చున్నావు గానీ నీకు ఎవరూ చెప్పలేదే!" నాంచారమ్మ లేచి వచ్చి మనవరాలి పక్కన కూలబడింది. "వెలి వేసేముందు ఊరిపెద్ద ఒక్కడే ఆ ఇంటికి నడిచెళ్లాలి. ఆ ఇంటోళ్లు చెంబుతో నీళ్లిస్తారు. తాగాలి. తాగొచ్చి అమ్మవారి గుడి ముందు 'తాగాను' అని చెప్పాలి. అప్పుడే తీర్పు. నేను కాపురానికొచ్చాక మీ తాత పదకొండు ఇళ్లకి అట్టా నడిచాడు. పది ఇళ్లల్లో నీళ్లు తాగి, కూర్చుని, కష్టం సుఖం అడిగి, వచ్చి రాజీ చేశాడు. ఒకడి చేతి నీళ్లు తాగినాక వాణ్ణి వెళ్లగొట్టడానికి నోరు రాదే. అందుకే పెట్టారది."

"పదకొండోది?"

"బసవయ్యది."

పోలరాజు తల ఎత్తాడు. "అమ్మా, ఇప్పుడవన్నీ ఎందుకు? ఊళ్లో మనిషి సముద్రంలో పోతే మూడు రోజులు ఎవరూ వల వెయ్యకూడదు. ఆయన వేశాడు. తప్పు చేశాడు, వెలి పడింది. నాన్న వెళ్లారు, నీళ్లు తాగారు, గుడి ముందు చెప్పారు. నాకు పదేళ్లు. నా చెవులతో విన్నా."

"ఇంట్లో పిల్లలు పస్తులుండి వేశాడురా."

"సరే, అందుకే వేశాడు. కానీ నాన్న తాగారా లేదా? చెప్పు నీ కోడలికీ మనవరాలికీ!"

నాంచారమ్మ చేతులకంటిన రొయ్యల పొట్టు కొంగుతో తుడుచుకుంది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం అంకయ్య ఇంటికొచ్చిన తీరు ఆవిడ కళ్ల ముందు ఆడింది. వచ్చినవాడు ఆవిడ వంక చూడలేదు. తిన్నగా కుండ దగ్గరికి పోయి ముంత ముంచి తాగాడు. మళ్లీ ముంచాడు. మూడో ముంతకి నీళ్లు గడ్డం మీంచి కారి చొక్కా తడిసింది. బసవయ్య ఇల్లు పది గుమ్మాల అవతల. అక్కడ నీళ్లు తాగొచ్చిన మనిషికి పది గుమ్మాలు నడిచేసరికి అంత దాహమా? నాంచారమ్మ అడగలేదు. ఆయన చెప్పలేదు. సాయంత్రం గుడి ముందు 'తాగాను' అంటుంటే ఆడవాళ్ల వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ తీగ ఇట్టా తే," అంది కొడుకుతో.

"అమ్మా..."

"తే అన్నా."

నలభై మూడేళ్ల పోలరాజు, ఇరిగేషన్ ఆఫీసులో పదిమంది చేత పని చేయించే పోలరాజు, చేతికి చుట్టుకున్న తీగ మెల్లగా విప్పి తల్లి ఒళ్లో పెట్టాడు.

"తీసెయ్యమని కాదే," అంది నాంచారమ్మ దాన్ని హేమకిస్తూ. "అడుగు. యాడుంటారో అడుగు. నువ్వెళ్లి నీళ్లు తాగాలి. ఆ తర్వాత నీ ఇష్టం."

"నెట్‌లో నీళ్లేంటమ్మా!" అన్నాడు పోలరాజు.

"మనిషన్నాక ఎక్కడో ఒకచోట ఉంటారుగా. అక్కడ నీళ్లుండవా?"

తీగ గోడలోకి వెళ్లింది. పెట్టె కీచుమంది, గురగురమంది, బుసకొట్టింది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా నాంచారమ్మ దణ్ణం పెట్టుకుంటుంది, దూరాన ఎవరో తలుపు తీస్తున్నట్టు. హేమ ఉప్పుగాలికి రెండు వాక్యాలు రాసింది: 'మీరెవరో తెలీదు. వచ్చి మీ ఇంటి నీళ్లు తాగాలని ఉంది.'

అయిదు నిమిషాలైనా కాలేదు, బదులు వచ్చింది. హేమ పైకి చదివింది.

'నాలుగు నెలలకి ఒక్కళ్లు అడిగారు. హనుమాన్ జంక్షన్, బస్టాండ్ ఎదురు సందులో నెట్ సెంటర్. ఆరింటికి నన్ను తీసేస్తారటగా. ఈలోగా రండి.'

పోలరాజు కుర్చీని గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. "వెళ్లండి. తాగండి. వచ్చాక నాతో మాట్లాడక్కర్లేదు."

మంగ మాత్రం ఇద్దరికీ రెండు ముద్దలు పెట్టందే గుమ్మం దాటనివ్వలేదు.

బస్సులో హేమ కిటికీ పక్కన కూర్చుంది. గన్నవరం దాటేదాకా ఓపిక పట్టింది.

"నానమ్మా, తాత తాగాడా?"

"ముందు నువ్వు తాగు. తర్వాత అడుగు."

"అంటే నీకు తెలుసన్నమాట."

నాంచారమ్మ ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంది. ముప్పై మూడేళ్ల కిందట బసవయ్య బండి ఈ దోవనే పోయి ఉంటుంది. సామాను మీద పిల్లలు. వెనక కట్టిన కుక్క. ఆ బండి పోయిన చోటి నుంచి ఒక ప్రశ్న బయల్దేరి, ఎన్ని తీగలు దాటిందో, ఎన్ని ఊళ్లు తిరిగిందో, తప్పిపోకుండా అంకయ్య ఇంటికే వచ్చి నిలబడింది. ఎంత దారి! తలుచుకుంటే ఆవిడకి భయం వేయలేదు. దణ్ణం పెట్టాలనిపించింది.

నెట్ సెంటర్ చిన్నది. ప్లైవుడ్ అడ్డాలు పెట్టి అయిదు కంప్యూటర్లు, మూల ఒక జిరాక్స్ మిషను. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. బల్ల వెనక నలభై దాటిన ఆడమనిషి, నేత చీర, కళ్లజోడు. ఆమె తల మీదుగా గోడకి ఒక ఫొటో: ఖాకీ చొక్కాలో, లారీ బానెట్‌కి ఆనుకుని, ఎండకి కళ్లు చికిలించిన మనిషి.

నాంచారమ్మ ఆ ఫొటోనే చూస్తూ నిలబడిపోయింది. బసవయ్యని చొక్కాతో ఆవిడ ఏనాడూ చూసి ఎరగదు.

"హేమ ఒక్కతే వస్తుందనుకున్నా," అంది ఆమె. "నన్ను ఆనవాలు పట్టారా పెద్దమ్మా?"

"బసవయ్య పెద్దపిల్లవి. కనకదుర్గవి. ఎడమ పాదంలో గవ్వ దిగితే నేనే తీసి పసుపు పెట్టాను. మచ్చ ఉందా?"

కనకదుర్గ రెండు కుర్చీలు ముందుకు జరిపింది. "ఉంది. కూర్చోండి."

లోపలికి పోయి రెండు గ్లాసులు, ఒక ఇత్తడి చెంబు తెచ్చింది. చెంబు అంచు సొట్టపడి ఉంది.

"ఆ రోజు ఈ చెంబుతోనే నిలబడ్డాను. నాకు తొమ్మిదేళ్లు. పొద్దుట్నుంచి గుమ్మంలోనే. పెదనాన్న వస్తే ముందు నువ్వే ఇవ్వాలి, చిన్నపిల్ల చేతి నీళ్లు కాదనడు అని మా అమ్మ. వచ్చాడు. దడి దాకా వచ్చాడు. నన్ను చూశాడు. చెంబు చూశాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు."

హేమ నానమ్మ వైపు చూసింది. నాంచారమ్మ చెంబు వైపు చూస్తోంది.

"సాయంత్రం గుడి ముందు తాగానన్నాడు. మా నాన్న పక్కనే ఉన్నాడు. కాదనలేదు. ఎందుకనలేదు నాన్నా అని పెళ్లయ్యాక కూడా అడిగాను. 'ఊరిపెద్ద అబద్ధమాడాడని నా నోటితో అంటే ఇంక ఆ ఊళ్లో ఎవరి మాట నిలబడుద్దే' అనేవాడు. సముద్రం మనిషి, ఇరవై ఏళ్లు ఈ రోడ్డు మీద లారీ తోలి పోయాడు."

"మీరు ఆ సంగతంతా ఒకసారి రాసేయొచ్చుగా అండీ?" అంది హేమ. "అందరి కబుర్ల కిందా ఒకే ముక్క పెడితే మాకేం తెలుస్తుంది? పాతికమంది వెళ్లిపోయారు."

"రాశానమ్మా. చేరిన రోజే. ఎవరో కస్టమరు వదిలేసి పోయిన తెర మీద మా ఊరి పేరు కనబడితే కాళ్లు చేతులు ఆడలేదు నాకు. ఆ రాత్రే కూర్చుని, గ్రూపులో పెట్టమని మోడరేటర్లకి రెండు పేజీలు రాసి పంపాను. పొద్దున్నే బదులొచ్చింది. 'ఇది మన గ్రూపుకి సంబంధించిన విషయం కాదు. తిప్పి పంపుతున్నాం.' కింద మణికుమార్ అని ఉంది. రెండు పేజీలు తోసేస్తే, మిగిలిన ఒక్క ముక్కే పట్టుకుని తిరిగాను."

"నాకు తెలీదు," అంది హేమ. "నిజంగా తెలీదండీ. ఆ వారం నాకు పరీక్షలు."

"తెలిస్తే ఒప్పుకునేదానివా?"

గోడ గడియారంలో ఆరుకి ఇరవై నిమిషాలు.

కనకదుర్గ రెండు గ్లాసుల్లోనూ నీళ్లు పోసింది. హేమ చెయ్యి చాపబోయింది. అంతకు ముందే నాంచారమ్మ ఒక గ్లాసు అందుకుంది. ఎత్తి పోసుకోలేదు. గ్లాసు అంచుకి పెదవి ఆనించి, ఆగకుండా, చివరి చుక్క దాకా తాగింది. గ్లాసు బల్ల మీద పెట్టి కొంగుతో మూతి తుడుచుకుంది.

"నన్ను మీ సభలో చేర్చవే."

"నానమ్మా?"

"చేర్చమ్మా కనకదుర్గా. దీనికి చేతులాడటం లేదు. నేను చెప్తా, నువ్వు రాయి."

కనకదుర్గ ఎదుటి కంప్యూటరు ముందు కూర్చుంది. వేళ్లు చినుకుల్లా రాలాయి. నాంచారమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, తెర వైపు తిరిగి, ఎదురుగా ఊరంతా కూర్చున్నట్టే గొంతు పెంచింది.

"నేను అంకయ్య పెళ్లాన్ని, నాంచారమ్మని. బసవయ్య ఇంటి నీళ్లు మా ఆయన తాగలేదు. దడి దాకా పోయి తిరిగొచ్చాడు. ఇంటికొచ్చి మా కుండలో నీళ్లు తాగాడు. మూడు ముంతలు. నేను చూశాను. చూసి ముప్పై మూడేళ్లు ఊరుకున్నాను. ఆ నీళ్లు ఇవాళ నేను తాగాను."

రెండో తరగతి దాటని కళ్లకి ఆ ఇంగ్లీషు అక్షరాలు అర్థం కావు. అయినా నాంచారమ్మ రెప్ప వేయలేదు. అన్న మాట అన్నట్టుగానే, వరసగా, వెలుగుతూ, తన ఎదురుగా నిలబడింది. ఎవరూ కొంగు కుక్కి ఆపలేని మాట.

"పంపనా పెద్దమ్మా?" అంది కనకదుర్గ.

"పంపు."

పంపింది. తెర మీద ఒక్క వాక్యం వచ్చింది. హేమ చదివి పక్క కంప్యూటరు వైపు జరిగింది. తన పేరుతో లోపలికి వెళ్లింది.

"ఏమైందే? పోయిందా?"

"పోలేదు నానమ్మా. నువ్వు కొత్తదానివి కదా. తొలి మెసేజీ మోడరేటరు ఒప్పుకోవాలి." హేమ తెర మీద వేలు పెట్టి చూపించింది. "నా దగ్గరికే వచ్చి ఆగింది."

"అయితే నీ చేతిలో ఉంది."

"ఆరింటికి మణికుమార్ కూర్చుంటాడు. ఈలోగా నేను ఏదో ఒకటి చేయకపోతే ఆయనే తోసేస్తాడు." హేమ వెనక్కి తిరిగింది. కళ్లనిండా నీళ్లు. "నానమ్మా, ఒకసారి ఒప్పుకుంటే ఓడ మీది వాడి దాకా వెళ్లిపోతుంది. వెనక్కి తేలేను. నాన్న చదువుతాడు."

"చదువుతాడు. అందుకేగా చదివించాం," అంది నాంచారమ్మ.

బయట హైవే మీద ఒక లారీ గేరు మార్చుకుంటూ పోయింది. కనకదుర్గ ఫొటో వైపు చూడలేదు, హేమ వైపు చూడలేదు. తొమ్మిదేళ్ల పిల్లలా చెంబు రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

తెర మీద రెండు గళ్లున్నాయి. ఒకటి ఒప్పుకోవడానికి, ఒకటి తోసేయడానికి. ఆరుకి ఇంకా నాలుగు నిమిషాలుంది.

హేమ మౌసు మీది చెయ్యి తీసి, తన వంతు గ్లాసు అందుకుంది.